తాళంచెవి కూడా అమానతే

గత రంజాన్‌లో ఒక రాత్రి తరావీహ్ నమాజు ముగిశాక ఒక యువకుడు మా పక్కన వచ్చి కూర్చున్నాడు. నగరం మండలంలోని ఒక పల్లె అతనిది. జనం వెళ్ళిపోయేదాకా ఆగి, "మౌలానా సాబ్, ఒక మసలా అడగాలి. కానీ ఇది పుస్తకాల్లో ఉంటుందో ఉండదో" అన్నాడు.

అతను చెప్పిన సంగతి ఇది. ముగ్గురు మిత్రులు. ఇద్దరు గల్ఫ్ వెళ్ళారు, ఇతను తెనాలిలో చిన్న సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. 2021లో ముగ్గురూ తలా కొంత సొమ్ము వేసి బిట్‌కాయిన్ కొన్నారు. ఒక్కరి చేతిలో ఉంటే ఎప్పుడైనా మనసు మారవచ్చని, ఉమ్మడి వాలెట్ ఏర్పాటు చేసుకున్నారు. ముగ్గురి దగ్గరా మూడు తాళంచెవులు. వాటిలో ఏ రెండు కలిసినా డబ్బు కదులుతుంది. ఒక్కటితో కదలదు. మంచి ఏర్పాటే.

అయితే వారిలో ఒకడు పరదేశంలోనే గుండెపోటుతో చనిపోయాడు. అతని సామానుతోపాటు ఫోను ఇంటికి వచ్చింది గానీ దాన్ని తెరిచేవారు లేరు. తాళంచెవి వివరాలు ఎక్కడ రాసి పెట్టాడో భార్యకు తెలియదు. రెండోవాడిని అడిగితే, గది మారినప్పుడు ఆ కాగితం ఎక్కడో పోయిందని, పాత ఫోను అమ్మేశానని చెప్పాడు. ఇక మిగిలింది ఇతని దగ్గరున్న ఒక్క తాళంచెవి.

"డబ్బు ఫోనులో కనబడుతూనే ఉంది మౌలానా. చేయి మాత్రం అందదు. చనిపోయినవాడికి ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్ళమ్మ 'భయ్యా, మా ఆయన వాటా ఏదీ?' అని అడుగుతోంది. మాలో ఎవడూ ఒక్క పైసా తినలేదు. మరి ఖియానతు చేసింది ఎవరు?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆ ప్రశ్న ఇప్పటికీ మమ్మల్ని వదలలేదు. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ అబద్ధమాడలేదు. అయినా యతీముల సొమ్ము యతీములకు అందలేదు. దీన్ని ఏమనాలి? విధి అని సరిపెట్టుకోవాలా, లేక మన వైపు నుంచి జరిగిన తప్పు అని ఒప్పుకోవాలా?

ఈ తాళం ఎలాంటిది?

ముందుగా ఈ విషయం తెలియని పెద్దల కోసం రెండు మాటలు. బ్యాంకు లాకరుకు రెండు తాళంచెవులుంటాయి. ఒకటి బ్యాంకు దగ్గర, ఒకటి మన దగ్గర. రెండూ పడితేనే తెరుచుకుంటుంది. మన తాళంచెవి పోయినా భయం లేదు. దరఖాస్తు పెట్టి, ఖర్చులు కడితే సాక్షుల ఎదుట లాకరు పగలగొట్టి ఇస్తారు. మనిషి పోతే మరణ ధ్రువపత్రం, నామినీ కాగితం చూపితే సరి. ఎవరూ అడగని సొమ్ము కూడా గాలిలో కలిసిపోదు. 2024 మార్చి చివరికి మన దేశంలో ఎవరూ అడగని బ్యాంకు డిపాజిట్లు 78,213 కోట్ల రూపాయలని రిజర్వు బ్యాంకు లెక్క చెప్పింది. అలాంటి సొమ్మును వారసులు వెతుక్కోవడానికి 2023 ఆగస్టులో 'ఉద్గమ్' అనే పోర్టల్ కూడా తెరిచింది. ఆలస్యమైనా ఆ సొమ్ముకు ఒక దారి ఉంది.

క్రిప్టో వాలెట్‌కు అలాంటి మేనేజరు లేడు. దాని తాళంచెవి ఒక పెద్ద సంఖ్య. దాన్ని గుర్తుంచుకోవడానికి వీలుగా 12 గానీ 24 గానీ మామూలు మాటల వరుసగా రాసి ఇస్తారు. ఆ మాటలు ఎవరి దగ్గర ఉంటే సొమ్ము వారి చేతిలో ఉన్నట్టే. అవి పోతే, కోర్టు డిక్రీ తెచ్చినా, వారసత్వ ధ్రువపత్రం తెచ్చినా ఆ తలుపు తెరిచేవారు ఉండరు. పగలగొట్టడానికి వీలులేని లాకరు అది.

ఈ సొమ్ములో పెట్టుబడి ధర్మసమ్మతమేనా అన్న చర్చలోకి మేము ఇక్కడ పోవడం లేదు. ఈజిప్టు దారుల్ ఇఫ్తా 2018లో వద్దన్నది. ఇండోనేషియా ఉలమా కౌన్సిల్ 2021 నవంబరులో కరెన్సీగా వాడటం హరామ్ అని చెప్పింది. కొన్ని షరతులతో అనుమతించినవారూ ఉన్నారు. మన దేశంలో ఇది చెల్లుబాటయ్యే ద్రవ్యం కాదు. అయినా 2022 ఏప్రిల్ నుంచి దాని లాభంపై 30 శాతం పన్ను ఉంది. ఇది ఒక రకమైన ఆస్తేనని, ఒకరి తరఫున మరొకరు ట్రస్టుగా ఉంచుకోదగినదేనని మద్రాసు హైకోర్టు 2025 అక్టోబరులో తీర్పు చెప్పింది. వాదాలు ఎలా ఉన్నా, ఒకరి సొమ్ము మరొకరి చేతి కింద ఉన్నప్పుడు అక్కడ అమానతు అనే బాధ్యత పుడుతుంది. మా చర్చ ఆ బాధ్యత గురించే.

జైపూర్‌లో ఆగిన తాళంచెవి

2018 డిసెంబరు 9న రాజస్థాన్‌లోని జైపూర్ నగరంలో జెరాల్డ్ కాటెన్ అనే కెనడా యువకుడు జబ్బు ముదిరి చనిపోయాడు. వయసు 30 ఏళ్ళు. కెనడాలో పెద్ద పేరున్న క్వాడ్రిగా అనే క్రిప్టో సంస్థను నడిపింది అతనే. వేలాది మంది ఖాతాదారుల సొమ్ము ఉన్న వాలెట్ల తాళంచెవులు అతని ఒక్కడి చేతిలోనే ఉండేవి. అతని ల్యాప్‌టాప్ తన దగ్గరే ఉన్నా, దాని పాస్‌వర్డు తనకు తెలియదని అతని భార్య కోర్టుకు చెప్పుకుంది.

ఇక్కడ పాఠకులు గమనించవలసిన విషయం ఒకటుంది. అతను వీలునామా రాయని మనిషి కాదు. చావుకు 12 రోజుల ముందు, నవంబరు 27న వీలునామా మీద సంతకం చేశాడు. ఇళ్ళు, వాహనాలు మాత్రమే కాదు, తన రెండు పెంపుడు కుక్కల పోషణకు లక్ష డాలర్లు కూడా అందులో కేటాయించాడు. తన సొత్తు గురించి అంత శ్రద్ధగా రాసిన మనిషి, ఇతరుల సొత్తుకు సంబంధించిన తాళంచెవులను ఎవరికీ అప్పగించి పోలేదు.

కథ అక్కడితో ముగియలేదు. కోర్టు నియమించిన లెక్కల సంస్థ పరిశీలిస్తే, ఆ వాలెట్లలో చాలావరకు 2018 ఏప్రిల్ నుంచే ఖాళీగా ఉన్నాయని తేలింది. ఒంటారియో రాష్ట్ర సెక్యూరిటీల కమిషన్ 2020 జూన్‌లో నివేదిక ఇస్తూ, అతను ఖాతాదారుల సొమ్మును సొంత వ్యాపారానికి వాడి పోగొట్టాడని, ఇది మోసమని తేల్చి చెప్పింది. 76 వేల మందికి పైగా ఖాతాదారులకు రావలసినది సుమారు 21 కోట్ల 50 లక్షల కెనడా డాలర్లు. చివరకు 2023లో వారికి అందింది రూపాయికి 13 పైసల చొప్పున.

అంటే, తాళంచెవి పోయిందని అందరూ ఏడుస్తున్న పెట్టె లోపల సొమ్మే లేదు! ఇందులో మనకు పెద్ద పాఠం ఉంది. తాళంచెవి ఒక్కడి చేతిలో, సాక్షి లేకుండా, రహస్యంగా ఉన్నప్పుడు ఆ మనిషి నిజాయితీపరుడో కాదో అతను బతికుండగా ఎవరికీ తెలియదు. చనిపోయాక నిజాయితీపరుడి మీద కూడా అనుమానం పడుతుంది. సాక్షులు సొమ్ము యజమానిని మాత్రమే కాపాడతారనుకుంటాము. తాళంచెవి పట్టుకున్న మనిషి పరువును కూడా వారే కాపాడతారు. అప్పు వ్యవహారాలను గడువుతో సహా రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని ఆదేశించే ఆయతు దివ్యఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన ఆయతు కావడం ఊరికే కాదు. అది బకరా సూరాలో 282వ ఆయతు. మనుషుల మధ్య నమ్మకం ఉంది కదా అని రాతను వదిలేయమని ధర్మం చెప్పలేదు. నమ్మకం చెడకుండా ఉండటానికే రాసుకోమంది.

పుస్తకాల్లో ఉందా?

ఆ యువకుడు పుస్తకాల్లో ఉంటుందో లేదో అన్నాడు. ఉంది. మన ఫుఖహాలకు ఈ సంగతి కొత్త కాదు. సొత్తు తనదే అయినా చేయి అందని పరిస్థితికి వారు 'మాలె జిమార్' అని పేరు పెట్టారు. దానికి వారిచ్చిన ఉదాహరణల్లో సముద్రంలో పడిన సొమ్ము ఒకటి, నిర్జన ప్రదేశంలో పాతిపెట్టి చోటు మరచిపోయిన సొమ్ము ఒకటి. హనఫీ మతం ప్రకారం అలాంటి సొమ్ము చేతికి అందనంతకాలం దానిపై జకాత్ ఉండదు. 12 మాటలు మరచిపోయిన నేటి మనిషికీ, ఎడారిలో పాతిన చోటు మరచిపోయిన ఆనాటి మనిషికీ తేడా ఏముంది?

అయితే ఇది తన సొమ్ము తాను పోగొట్టుకున్నవాడి సంగతి. ఇతరుల సొమ్ము విషయంలో హుకుం వేరు. అమానతు ఉంచుకున్నవాడు జాగ్రత్తగా ఉన్నా అది పోతే, అతని మీద పరిహారం ఉండదు. అగ్నిప్రమాదం, వరద, దొంగతనం అతని చేతిలో లేవు. తన నిర్లక్ష్యం వల్ల పోతే పరిహారం ఉంటుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. చాలామందికి తెలియని మూడో మాట ఒకటుంది. అమానతు ఉంచుకున్నవాడు అది ఏదో, ఎక్కడుందో చెప్పకుండా చనిపోతే, ఆ తర్వాత అది గుర్తుపట్టగలిగేలా దొరకకపోతే, హనఫీ ఫుఖహా దానిని అతని ఆస్తి మీద అప్పుగా లెక్కిస్తారు. దీనికి వారు వాడిన మాట 'తజ్‌హీల్', అంటే తెలియకుండా చేయడం. అతను దొంగిలించలేదు, అలక్ష్యంగా పారేయలేదు. చెప్పకుండా పోయాడు, అంతే. ఆ మౌనానికే బాధ్యత పడింది.

ఎందుకు? ఎందుకంటే అమానతు అంటే భద్రంగా దాచడం మాత్రమే కాదు. నిసా సూరా 58వ ఆయతులో అల్లాహ్ అమానతులను వాటి హక్కుదారులకు చేర్చమని ఆజ్ఞాపించాడు. దాచడం ఆ చేర్చడం కోసమే. దాచి, చేర్చే దారి మూసేసినవాడు సగం పనే చేశాడు.

తాళంచెవి వేరు, సొత్తు వేరు

ఆ ఆయతు నేపథ్యంగా ముఫస్సిర్లు పేర్కొన్న సంఘటన కూడా ఒక తాళంచెవి గురించే కావడం ఆలోచించదగినది. హిజ్రీ 8వ సంవత్సరం, మక్కా విజయం నాడు దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) కాబా తాళంచెవిని హజ్రత్ ఉస్మాన్ బిన్ తల్హా (రజి) నుంచి తీసుకున్నారు. ఆ గౌరవం తమ కుటుంబానికి దక్కాలని ప్రవక్త బంధువులలో కోరినవారున్నారు. కాని ఆయన తాళంచెవిని తిరిగి ఉస్మాన్‌కే అప్పగించి, అది ఆ వంశంలోనే ఉంటుందని ప్రకటించారు. విజేత చేతిలో ఉన్న తాళంచెవి, దాన్ని కాపాడుతూ వచ్చిన మనిషికే తిరిగి వెళ్ళింది.

ఆ వంశంవారు నేటికీ ఆ బాధ్యత నిర్వహిస్తున్నారు. 2024 జూన్‌లో తాళంచెవి సంరక్షకులు షేక్ సాలెహ్ అష్షైబీ మరణించారు. మక్కా విజయం తర్వాత ఆయన 77వ సంరక్షకులు. కొద్ది రోజులకే ఆ తాళంచెవి అదే వంశంలోని షేక్ అబ్దుల్ వహ్హాబ్ అష్షైబీ చేతికి అందింది. 1400 ఏళ్ళలో ఎందరో సంరక్షకులు పోయారు, తలుపు మాత్రం మూసుకుపోలేదు. ఎందుకంటే ప్రతి ఒక్కరికీ తాను చనిపోతానని తెలుసు, తన తర్వాత ఎవరో నిర్ణయమై ఉంది.

ఇక్కడ మరొక విషయం కూడా ఉంది. తాళంచెవి పట్టుకున్నవాడు ఆ గృహానికి యజమాని కాడు. మన ఇళ్ళలో తరచుగా వచ్చే తగాదా ఇదే. నామినీగా పేరున్న కొడుకు మొత్తం సొమ్ము తనదే అంటాడు. తల్లికి, అక్కచెల్లెళ్ళకు అల్లాహ్ నిర్ణయించిన వాటా ఇవ్వడు. నామినీ సొమ్మును అందుకునేవాడే తప్ప వారసుల హక్కును మింగేవాడు కాడని మన సుప్రీంకోర్టు బీమా పాలసీ విషయంలో 1983లోనే చెప్పింది. షేర్ల విషయంలో 2023 డిసెంబరులో మళ్ళీ చెప్పింది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఎంతమందిని పెట్టినా వారు తాళంచెవి పట్టుకున్నవారే. వాటాలు పంచేది షరీఅతు. కాబట్టి తాళంచెవిని ఒకరికి అప్పగించేటప్పుడు, ఇందులో ఎవరి వాటా ఎంత అన్నది కూడా దానితోపాటు రాసి పెట్టాలి. లేకపోతే మనం ఒక తగాదా నుంచి తప్పించి మరొక తగాదాలో పడేసినవాళ్ళమవుతాము.

చెబితే దొంగల పాలవదా?

ఈ మాటలు విని కొందరు అడుగుతారు: "మౌలానా, ఆ మాటలు ఎవరికైనా చెబితే చాలు, సొమ్ము మాయమవుతుంది. అందుకే కదా దాచుకుంటాం?" ఇది న్యాయమైన ప్రశ్నే. 2024 జులై 18న మన దేశంలోని వజీర్‌ఎక్స్ సంస్థ ఉమ్మడి వాలెట్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల సొమ్ము దొంగల పాలైంది. ఆరుగురు సంతకందారులలో నలుగురు ఒప్పుకుంటే తప్ప కదలని వాలెట్ అది. అయినా కదిలిపోయింది. నెలల తరబడి ఖాతాదారులు తమ సొమ్ము ముట్టుకోలేకపోయారు.

కనుక రెండు వైపులా ప్రమాదం ఉంది. తాళంచెవులు ఎక్కువైతే దొంగకు దారి ఎక్కువ. తక్కువైతే మరణానికి దారి ఎక్కువ. కానీ ఈ రెండు ప్రమాదాల మధ్య ఒక తేడా ఉంది. దొంగ రావచ్చు, రాకపోవచ్చు. మరణం రావడంలో అనుమానం లేదు. తప్పక వచ్చేదానికి ఏ ఏర్పాటూ చేయకుండా, రావచ్చునేమో అన్నదానికి మాత్రమే ఏర్పాటు చేసుకోవడం బుద్ధిమంతుల పని కాదు.

మన ఇళ్ళలో మరో ఆటంకం ఉంది. భర్త "నాకేమైనా అయితే" అని మొదలుపెట్టగానే భార్య "అలాంటి మాట నోట రానీయకండి" అంటుంది. తండ్రి కాగితాల సంగతి ఎత్తితే పిల్లలు లేచిపోతారు. మరణం మాట ఎత్తడం అపశకునమన్న భావన మనది కాదు. వసీయతు చేయవలసిన విషయం ఏదైనా ఉన్న ముస్లిం, అది రాసి తన దగ్గర పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపరాదని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఆ మాట విన్నప్పటినుంచి తాను ఒక్క రాత్రి కూడా వసీయతు లేకుండా గడపలేదని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) చెప్పుకున్నారు.

ఆచరణ ఎలా ఉండేదో చూడండి. హిజ్రత్ రాత్రి, ప్రాణాలు తీయడానికి శత్రువులు ఇంటి చుట్టూ కాపు కాసినప్పుడు కూడా ప్రవక్త (సఅసం) తమ దగ్గరున్న అమానతుల సంగతి మరవలేదు. వాటిని హక్కుదారులకు అప్పగించే బాధ్యతతో హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో వదిలి వెళ్ళారు. ఆ హక్కుదారులలో శత్రుపక్షం వారు కూడా ఉన్నారు. తాను అందుబాటులో లేకపోయినా సొమ్ము చేరాలి, అదీ లెక్క. హజ్రత్ జుబైర్ (రజి) దగ్గర ఎవరైనా సొమ్ము దాచబోతే, అది పోతుందేమోనన్న భయంతో, అమానతుగా వద్దు, అప్పుగా ఇవ్వమని అనేవారు. అప్పయితే పోయినా తీర్చే బాధ్యత తన మీద ఉంటుంది కదా! ఆయన మరణానికి ముందు కొడుకు అబ్దుల్లాహ్‌కు అప్పులన్నీ అప్పజెప్పారు. మొత్తం 22 లక్షలు. కొడుకు వాటిని తీర్చిన తర్వాత కూడా, ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని నాలుగేళ్ళపాటు హజ్ సమయంలో ప్రకటన చేయించి, ఆ తర్వాతే ఆస్తి పంచారు.

మేము ఇచ్చిన జవాబు

ఆ యువకుడు మరునాడు మళ్ళీ వచ్చాడు. మేము ఇలా చెప్పాము: "చనిపోయిన నీ మిత్రుణ్ణి ఖియానతు చేసినవాడు అనకు. ఖియానతు అంటే మనసులో మోసం ఉండాలి. అతని మనసు అల్లాహ్‌కు తెలుసు. కాగితం పోగొట్టినవాడిది నిర్లక్ష్యం, దానికి అతను జవాబుదారీ. ఎవరి మీద ఎంత బాధ్యత పడుతుందో పూర్తి వివరాలతో ముఫ్తీ సాబ్ దగ్గర తేల్చుకోండి. కానీ ఒక్క మాట అడుగుతాను. ఏ రెండు తాళంచెవులున్నా తెరుచుకునే తలుపు ఇది. ఒక్కరి పొరపాటుతో మూసుకోలేదు. ఇన్నేళ్ళలో నువ్వు ఒక్కసారైనా 'మీ కాగితాలు భద్రమేనా? మీ ఇంట్లో ఎవరికైనా తెలుసా?' అని వాళ్ళను అడిగావా?"

అతను తల దించుకున్నాడు. "లేదు మౌలానా. ధర ఎంత పెరిగిందో రోజూ అడిగేవాళ్ళం. ఈ మాట ఎప్పుడూ అనుకోలేదు" అన్నాడు.

ఆ వితంతువు దగ్గరకు వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పమన్నాము. వాలెట్‌లో ఎంత ఉంది, ఆమె భర్త వాటా ఎంత అన్నది ఇద్దరు సాక్షుల ఎదుట రాసి ఇవ్వమన్నాము. ఆ ఫోను పారేయవద్దని, భర్త పాత కాగితాలు, ఖుర్ఆన్ ప్రతుల మధ్య పేజీలు కూడా వెతకమని ఆమెకు చెప్పమన్నాము. అన్నిటికంటే ముఖ్యంగా, తన దగ్గర మిగిలిన ఆ ఒక్క తాళంచెవిని జాగ్రత్త చేయమన్నాము. రేపు ఎక్కడో రెండోది దొరికితే, అప్పటికి ఇతనిది పోయి ఉంటే, ఆ తప్పు ఇక ఎవరి మీదా నెట్టలేడు.

పాఠక సోదర సోదరీమణులారా! వాలెట్ లేని ఇల్లు ఉండవచ్చు గానీ తాళంచెవి లేని ఇల్లు లేదు. చీటీల పుస్తకం, మస్జిద్ కమిటీ ఉమ్మడి ఖాతా, పొరుగింటావిడ దాచమని ఇచ్చిన బంగారం, ఫోను పాస్‌వర్డు, అన్నీ తాళంచెవులే. ఏడాదికోసారి జకాత్ లెక్క కట్టే రోజునే ఈ లెక్క కూడా చూసుకుందాము. నా దగ్గర ఎవరి సొమ్ము ఉంది? అది ఎక్కడుందో నేను కాక మరెవరికి తెలుసు? రహస్య మాటలను వీలునామాలో రాయనక్కరలేదు, అది పదిమంది చదివే కాగితం. సొమ్ము ఉందని, తాళంచెవి ఫలానా చోట సీలు వేసి ఉందని, ఎవరి వాటా ఎంత అని రాస్తే చాలు. ఆ తాళంచెవి ప్రతిని రెండు వేర్వేరు చోట్ల ఉంచాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఒకే పెట్టెలో ఉన్న ఒకే కాగితం ఎంత భద్రమో మన ప్రాంతంవారికి వేరే చెప్పాలా? ఉమ్మడి భాగస్వాములైతే, ఒకరు పోతే ఆ స్థానంలో ఎవరు అన్నది సొమ్ము వేసే రోజునే రాసుకోవాలి.

మన చేతిలో ఉన్న ప్రతి తాళంచెవీ కొద్దికాలం కోసం ఇచ్చిందే. దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నామన్నదే కాదు, చేయి చల్లబడ్డాక అది హక్కుదారుడికి చేరిందా అన్నది కూడా రేపు అడగబడుతుంది. అమానతులను వాటి హక్కుదారులకు చేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.